వట్టివేరు: కరవు నోర్చు తోటగడ్డి

వట్టివేరు పేరు వినగానే మనకు ముందుగా దాని వాసన జ్ఞాపకము వచ్చును. వేసవిలో కిటికీలకు కట్టి నీళ్ళు చల్లిన తడికల వాసన అది. మంచినీటి కూజాలో వేయు వేళ్ళ కట్టయు అదియే. ఆయుర్వేద గ్రంథములలో ఉశీరమని పేర్కొనబడినదియు అదియే. కాని అంగడిలో కట్టలుగా అమ్ము ఆ వేళ్ళకు పైన, భూమి మీద, ఏ మొక్క ఉండునో చూచినవారు నగరవాసులలో తక్కువ. ఆ మొక్క ఒక గడ్డి. దుబ్బుగా నిలువెత్తు పెరిగి, సన్నని పొడవైన ఆకులను పైకి చిమ్మిన నీటిధారలవలె నలువైపులకు వంచును. వానలు వెనుకబట్టు కాలమున ఊదారంగు కంకులను ఎత్తును. అవురుగడ్డి, కురువేరు అను పేర్లును మన భాషలో దీనికి కలవు.

ఈ గడ్డిని పెరటి అలంకారమునకు పెంచవచ్చును. ఒకసారి వేరూనిన తరువాత కొద్దిపాటి నీటితోనే మండువేసవిని దాటును. అయితే “కరవు నోర్చు మొక్క” అని వినినంతనే, దానికి నీరే అక్కరలేదని చాలమంది తలంతురు. అట్లు నమ్మి నాటిన మొక్కలు మొదటి వేసవిలోనే చచ్చుట చూచి, చెప్పినవారి మాట అబద్ధమని విసుగుకొందురు. మొక్క కరవును ఏ విధముగా ఓర్చుకొనుచున్నదో తెలిసికొన్నచో ఈ నష్టము కలుగదు. ఆ విధమును, దానిని బట్టి తోటలో చేయవలసిన పనిని ఈ వ్యాసమున వివరింతుము.

పచ్చిక త్రాగు నీరు

హైదరాబాదు నగరములో అమీర్‌పేట, పంజగుట్టలకు పడమరగా, బంజారాహిల్స్ అంచున ఉన్న శ్రీనగర్ కాలనీని ఉదాహరణముగా తీసికొందము. ఈ ప్రాంతమున సంవత్సరమునకు పడు వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులు జూన్ నుండి సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే పడును. ఫిబ్రవరి మొదలు జూన్ వానల వరకు మొక్కలకు దొరకునది మనము పోయు నీరే.

నేలయు ఉదారమైనది కాదు. హైదరాబాదు అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల. దానిపై చితికిన రాయి, అనగా మనము మొరము అనునది, దానిపై పలుచని ఎర్రమట్టి ఉండును. గట్టి గ్రానైటులో నీరు నిలుచుటకు చోటు లేదు. శిలలోని పగుళ్ళలోను, పైనున్న మొరములోను మాత్రమే అది నిలుచును. కావుననే ఒక ఇంటి బోరుబావిలో నీరు పడి, ప్రక్క ఇంట పడకపోవుట మన నగరమున సామాన్యము. ఒకప్పటి ఇండ్ల స్థానమున అంతస్తుల భవనములు లేచి, ఆవరణములు సిమెంటుతో కప్పబడిన కొలది, వాన నీరు లోనికి ఇంకుట తగ్గి, కాలువల వెంట హుస్సేన్‌సాగరము వైపు పారిపోవుట హెచ్చినది.

ఇట్టి చోట ఇంటిముందు పచ్చిక పెంచినచో ఎంత నీరు కావలెనో లెక్క చూతము. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు లోతు నీరు పోసినచో అది సరిగా ఒక లీటరు. వేసవిలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు గాలిలోనికి విడుచునని అనుకొందము. అప్పుడు 50 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 250 లీటర్లు, వారమునకు 1,750 లీటర్లు కావలెను. పట్టణములలో మనిషి ఒక్కంటికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేయవలెనని మన దేశమున ప్రమాణము. అనగా ఆ చిన్న పచ్చిక, ఇంటిలో ఇద్దరు మనుష్యులకు సరిపోవు నీటిలో చాల భాగము త్రాగును. బోరు ఎండి, లారీ నీరు కొనుకొను ఇంటివారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

కరవును గడ్డి జయించు మూడు మార్గములు

గడ్డిజాతులు కరవును ఎదుర్కొను తీరు ఒక్కటి కాదు. ముఖ్యముగా మూడు మార్గములు కనబడును.

మొదటిది తప్పించుకొనుట. వానకాలమున మొలిచి, త్వరగా పూచి, గింజలు రాల్చి, ఎండలు రాకముందే చచ్చిపోవు గడ్డులు కలవు. కరవు వచ్చునప్పటికి మొక్క ఉండదు. నేలలో గింజ మాత్రమే ఉండును. మన బంజరు భూములు వానలకు పచ్చబడి, చలికాలమునకు పండుబారుటకు ఇది ఒక కారణము.

రెండవది నిద్రించుట. మన గరిక ఇందుకు మంచి నిదర్శనము. నీరు చాలనప్పుడు గరిక ఆకు ఎండి గోధుమవన్నె దాల్చును. చచ్చినదని మనము అనుకొందుము. కాని భూమిలోని కాండము బ్రతికియే ఉండును. ఒక్క వాన పడగానే నాలుగు రోజులలో పచ్చగా లేచును. బ్రతుకుటకు ఇది చక్కని ఉపాయమే కాని, వేసవి అంతయు తోట ఎండు రంగులో ఉండును.

మూడవది లోతునుండి త్రాగుట. ఈ మార్గమున పోవు గడ్డి ఆకు ఎండబెట్టుకొనదు. పైమట్టి ఎండిపోయినను, దాని వేరు తడి ఇంకను మిగిలియున్న లోతునకు చేరియుండును. వట్టివేరు ఈ మూడవ తెగకు చెందినది. అనుకూలమైన మెత్తని నేలలో మొదటి సంవత్సరములోనే దీని వేళ్ళు 3 మీటర్లకు పైగా దిగుట కలదు. అవి ప్రక్కలకు ఎక్కువగా వ్యాపింపక, తిన్నగా క్రిందికి దిగును. ఒక్కొక్క వేరు సగటున మిల్లీమీటరు కంటె సన్నము. కాని ఒక దుబ్బు క్రింద అట్టివి లెక్కకు మించి ఉండును.

చిత్తడి నేల బిడ్డ

ఇచట ఒక చిత్రమైన విషయము కలదు. వట్టివేరు పుట్టుకచేత ఎడారి మొక్క కాదు. అడవిలో అది వాగుల ఒడ్డున, చెరువుల అంచున, నీరు నిలుచు పల్లపు భూములలో పెరుగును. చిత్తడి నేలలో పుట్టినది కరవు నెట్లు ఓర్చగలిగినది?

మన దేశపు వాగు ఒడ్డును తలచుకొన్నచో సమాధానము దొరకును. ఆ ఒడ్డు సంవత్సరమున నాలుగు నెలలు నీట మునుగును. తక్కిన నెలలలో నీరు దినదినము క్రిందికి దిగిపోవును. వేసవినాటికి ఇసుక వేడెక్కి కాలు పెట్టనీయదు. ఆ చోట నిలువదలచిన మొక్క రెండును ఓర్చవలెను. వట్టివేరు వేళ్ళలో, వరి వేళ్ళలోవలె, గాలి నిలుచు సన్నని అరలు ఉండును. నీట మునిగినప్పుడు ఆకులనుండి గాలి ఆ అరల ద్వారా వేరు చివరకు చేరును. నీరు దిగిపోవునప్పుడు, వేరు ఆ నీటిని వెంబడించి లోతునకు పోవును. ఈ రెండవ గుణమే మన తోటలో కరవు నోర్చు గుణముగా కనబడుచున్నది.

ఆకునందును ఒక సౌకర్యము కలదు. వట్టివేరు జొన్నకును చెరకునకును దగ్గరి చుట్టము. ఈ మొక్కలు సూర్యరశ్మితో ఆహారము తయారుచేసికొను పద్ధతి వరి, గోధుమల పద్ధతి కంటె భిన్నమైనది. 1960ల మధ్యకాలమున హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాలో చెరకు ఆకును పరిశీలించి ఈ పద్ధతిని వివరించిరి. ఇందు గాలిలోని బొగ్గుపులుసు వాయువు మొదట నాలుగు కర్బన పరమాణువులు గల ఆమ్లముగా మారును. కావుననే వీటిని సి-4 మొక్కలు అందురు. ఆ ఆమ్లము ఆకు లోపలి ప్రత్యేక కణములకు చేరి, అచట వాయువును విడుచును. అనగా ఆ కణములలో వాయువు కూడబెట్టబడును. అందుచేత ఆకుపై ఉండు సన్నని రంధ్రములను ఎక్కువగా తెరువనక్కరలేదు. రంధ్రము తక్కువగా తెరచినచో నీటి ఆవిరియు తక్కువగా పోవును. ఒక గ్రాము ఎండు పదార్థము తయారుచేయుటకు సి-4 మొక్కలు, వరి వంటి మొక్కలకు కావలసిన నీటిలో సుమారు సగముతో సరిపెట్టుకొనును.

ఆకు పొదుపరి, వేరు దూరదృష్టి కలది అని దీనినిబట్టి చెప్పవచ్చును. అయితే జొన్న, మొక్కజొన్నలకును ఈ పొదుపు కలదు. అయినను అవి వేసవిలో నీరు లేక బ్రతుకలేవు. వట్టివేరును ముఖ్యముగా కాపాడునది దాని వేరు. తోటమాలి మరువరాని సంగతి ఇదియే. వేరు దిగనంతవరకు వట్టివేరు సామాన్యమైన గడ్డి మాత్రమే.

పొలము గట్టునుండి

ఈ వేరు బలమును మన రైతులు పూర్వమే గుర్తించిరి. కర్ణాటకములో, పూర్వపు మైసూరు ప్రాంతమున, గుండ్లుపేట వద్ద రైతులు నూరేండ్లకు పైగా వట్టివేరు వరుసలను పొలము సరిహద్దులుగా పెంచుచుండిరి. 1980లలో ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశములో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా అను నిపుణులు ఈ గడ్డిని మట్టికోత నాపు సాధనముగా ప్రచారము చేసిరి. గ్రీన్‌ఫీల్డ్ అంతకు పూర్వమే, 1950లలో, ఫిజీ దీవుల చెరకు తోటలలో దీనిని వాడి చూచినవాడు. 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ గడ్డిపై ఒక పుస్తకమునే ప్రకటించినది.

హైదరాబాదునకు సమీపముననే, పటాన్‌చెరు వద్దనున్న ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రమున, 1990 ప్రాంతములో వట్టివేరు వరుసలను రాతి కట్టలతోను నిమ్మగడ్డి వరుసలతోను పోల్చి చూచిరి. వాన నీటి పరుగును, మట్టి కోతను ఆపుటలో వట్టివేరే మేలని తేలినది. దట్టమైన దుబ్బులు నీటి వేగమును తగ్గించును. నీరు మెల్లగా వాటి మధ్యనుండి దాటును. తెచ్చిన మట్టిని వెనుకనే విడుచును. వాలు నేలమీద కట్టిన ఇంటివారికి ఇది పొలమునందెంత ఉపయోగమో పెరటియందును అంతే ఉపయోగము.

గింజ వేయని గడ్డి

తోటలో పెంచు గడ్డికి అందము, ఓర్పు చాలవు. అది హద్దులో ఉండవలెను. దసరా నాళ్ళలో తెల్లని వెన్నులతో చెరువుగట్లను అలంకరించు రెల్లు ఎంత సుందరమైనదైనను, భూమిలోపల దుంపకాండములతో ప్రాకి తోటనంతటిని ఆక్రమించును. వట్టివేరునకు ప్రాకెడు కాండము లేదు. నాటిన చోటనే దుబ్బు లావగును.

గింజ విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. మన దేశమున వట్టివేరులో రెండు తెగలు కలవు. ఉత్తర హిందూస్థానమున అడవిగా పెరుగు తెగ గింజ వేసి మొలచును. దక్షిణమున తరతరాలుగా పిలకలతో పెంచబడుచున్న తెగ పూచునే కాని, మొలకెత్తు గింజ దాదాపు వేయదు. తోటకు దక్షిణపు తెగయే తగినది. ప్రపంచమున అనేక దేశములలో మట్టికోత నాపుటకు పెంచు వట్టివేరు చాలవరకు ఒకే మొక్కనుండి పిలకలుగా వ్యాపించినదని 1990ల చివర జరిగిన డి.ఎన్.ఏ. పరీక్షలు తెలిపినవి. గింజతో వ్యాపించియున్నచో అట్టి ఏకరూపత ఉండెడిది కాదు.

ఇట్టి జాగ్రత్త ఎందులకో తెలియుటకు మరియొక గడ్డిని చూడవలెను. నర్సరీలలో ఫౌంటెన్ గడ్డి అను పేర అమ్మునది ఆఫ్రికా ఉత్తర, తూర్పు భాగములకును, పశ్చిమాసియాకును చెందినది. మెత్తని కుచ్చులవంటి దాని కంకులు కన్నులకింపు. కరవును కూడ ఓర్చును. కాని ఆకుపచ్చని రకము విపరీతముగా గింజ వేయును. గాలికి అవి ఎగిరిపోవును. 20వ శతాబ్దపు ఆరంభమున హవాయి దీవులకు అలంకారము కొరకు చేరిన ఈ గడ్డి, అచటి లావా భూములను ఆక్రమించి, ఎండిన పిమ్మట అడవి మంటలకు ఇంధనమై, స్థానిక వృక్షములకు చేటు తెచ్చినది. 2017లో ఐరోపా సమాఖ్య దీనిని హానికరమైన పరదేశపు మొక్కల జాబితాలో చేర్చినది. ఎర్రని ఆకు గల రకము మాత్రము దాదాపు గింజ వేయదు.

శ్రీనగర్ కాలనీకి కొద్ది కిలోమీటర్ల దూరములోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము కలదు. దక్కను రాళ్ళ మధ్య సహజముగా పెరుగు చెట్టుచేమలు నగరము నడుమ మిగిలిన చోట్లలో అది ఒకటి. మన పెరటిలోని గింజ ప్రహరీగోడ దగ్గర ఆగదు. కావున గింజ వేయని గడ్డినే ఎన్నుకొనుట మన తోట పనియే కాక, పొరుగు అడవికి మనము చేయు మేలు.

చోటు, గుంట

వట్టివేరునకు నీడ పనికిరాదు. రోజుకు ఆరు గంటలైనను సూటిగా ఎండ తగులు చోటు చూడవలెను. నాలుగైదు అంతస్తుల భవనము నీడ పడు ఉత్తరపు సందులో నాటినచో ఎంత నీరు పోసినను దుబ్బు పలుచబడి క్షీణించును. అట్టి చోట వేరే మొక్కలను పెంచుట మేలు.

మన ఎర్రమట్టి క్రింద మొరము ఉండునని చెప్పితిమి. 3 మీటర్ల వేరు అను మాట మెత్తని లోతైన నేలకే చెల్లును. గట్టి గ్రానైటును ఏ గడ్డివేరును తొలువలేదు. కాని చితికిన మొరములోనికిని, శిల పగుళ్ళలోనికిని దిగగలదు. కావున గుంట తీయుటలో శ్రమ పడవలెను. రెండు అడుగుల లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీసి, అడుగున ఉన్న మొరమును గడ్డపారతో పొడిచి వదులు చేయవలెను. వేరునకు దారి చూపుటయే దీని ప్రయోజనము. ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు ఉన్నచో తీసివేయవలెను. తీసిన మట్టిలో నాలుగవ వంతు మాగిన పశువుల ఎరువు కలిపి గుంట నింపవలెను. అంతకుమించి రసాయనిక ఎరువులు అక్కరలేదు.

అలంకారమునకు విడివిడిగా దుబ్బులు కనబడవలెనన్నచో మూడడుగుల ఎడము ఉంచవలెను. వాలు మీద మట్టి నిలుపుటకైనచో, వాలునకు అడ్డముగా, జానెడు కంటె తక్కువ ఎడముతో వరుసగా నాటవలెను. గోడకు రెండు మూడు అడుగుల దూరము పాటించుట మంచిది.

పిలక నాటుట

నాటుటకు అనువైన కాలము జూన్ చివర, జూలై నెలలు. నేల బాగుగా తడిసిన తరువాతనే నాటవలెను. నర్సరీలో కొన్న దుబ్బునైనను, తెలిసినవారి పెరటి దుబ్బునైనను చీల్చి, రెండు మూడు పిలకలు గల ముక్కలుగా విడదీయవలెను. లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థ వారి పరిశోధన కేంద్రము మన నగరమున బోడుప్పల్ వద్ద కలదు. ఆ సంస్థ ధారిణి, గులాబి, కేసరి మొదలగు వట్టివేరు రకములను రూపొందించినది. ఇవి ముఖ్యముగా వేరునుండి తీయు సుగంధ తైలము కొరకు. అలంకారమునకు గింజ వేయని ఏ దక్షిణపు రకమైనను సరిపోవును.

నాటుటకు ముందు ఆకును జానెడు పొడవున, వేరును నాలుగు అంగుళముల పొడవున కత్తిరింపవలెను. పచ్చని ఆకును కోయుటకు మనసొప్పదు. కాని క్రొత్త వేరు లేని పిలక నీరు పీల్చలేదు; ఆకు మాత్రము నీటిని ఆవిరిగా విడుచుచునే ఉండును. ఆకును కుదించినచో ఆ వ్యయము తగ్గును. పిలక మొదలు నేలలో రెండు అంగుళములు దిగునట్లు నాటి, చుట్టును మట్టిని గట్టిగా అదుమవలెను.

మొదటి ఏడాది నీరు

వాన పడనిచో మొదటి మూడు వారములు దినము విడిచి దినము నీరు పోయవలెను. క్రొత్త ఆకు లేచిన తరువాత పద్ధతి మార్చవలెను. ఈ దశలోనే చాలమంది పొరపడుచున్నారు. రోజును చెంబెడు నీళ్ళు పోయుట ప్రేమగా తోచును; కాని ఆ నీరు పై రెండు అంగుళముల మట్టినే తడుపును. తడి ఉన్న చోటనే వేరు నిలిచిపోవును. ఆ మొక్కను వారము దినములు మరచినచో పైమట్టి ఎండి, వేరు క్రిందికి పోవు దారి తెలియక, మొక్క వాడిపోవును. అదే నీటిని కూడబెట్టి వారమునకు ఒక్కసారి బకెట్టెడు, అనగా సుమారు 15 లీటర్లు, మెల్లగా ఇంకునట్లు పోసినచో తడి లోతునకు దిగును. పైమట్టి ఎండిన కొలది వేరు ఆ తడివైపు సాగును.

తడి ఎంత లోతు దిగినదో తెలిసికొనుటకు పరికరము అక్కరలేదు. రెండడుగుల ఇనుప చువ్వను నీరు పోసిన మరునాడు నేలలో గుచ్చవలెను. తడిసినంతవరకు సులభముగా దిగి, ఎండు మట్టి తగులగానే ఆగును. చువ్వ అడుగైనను దిగనిచో నీరు చాలలేదనియో, లేక అడుగున మొరము గట్టిగా ఉన్నదనియో గ్రహింపవలెను.

మొదటి వేసవి అంతయు వారమునకు ఒకసారి ఈ విధముగా పోయవలెను. రెండవ వేసవిలో పదునైదు దినములకు ఒకసారి చాలును. మూడవ వేసవినుండి, నేల లోతుగా ఉన్నచో, ఆకు కొనలు ఎండుట కనబడినప్పుడు మాత్రమే పోయవచ్చును. దుబ్బు మొదట రాలిన ఆకును పరచియుంచినచో మట్టిలోని తడి త్వరగా పోదు.

పండ్రెండు దుబ్బులు గల తోటకు మొదటి వేసవిలో వారమునకు 180 లీటర్లు పట్టును. మునుపు చెప్పిన పచ్చికకు వారమునకు 1,750 లీటర్లు. పండ్రెండు దుబ్బులు 50 చదరపు మీటర్లను పూర్తిగా కప్పవు, నిజమే. మిగిలిన నేలపై ఎండుటాకు గాని కంకర గాని పరచుకొనవలెను. ఐనను నీటి వ్యయము సుమారు పదవ వంతునకు దిగుచున్నది. రెండవ ఏట అందులోను సగమగుచున్నది.

వాన నీటిని కూడ ఈ వరుసకు మళ్ళింపవచ్చును. 100 చదరపు మీటర్ల డాబామీద 800 మిల్లీమీటర్ల వాన పడినచో అది 80,000 లీటర్లు. ఆవిరియై, చిందిపోయినది పోగా మిగిలిన నీటిని వీధి కాలువకు విడువక, దుబ్బుల వరుస వెనుకనున్న గుంటకు విడిచినచో కొంత నేలలోనికి ఇంకును. నీరు నిలిచినను వట్టివేరునకు భయము లేదు. అది చిత్తడి నేల బిడ్డ కదా!

కుండీలో పెంచువారికి

అంతస్తులలో నివసించువారు దీనిని కుండీలో పెంచగోరుట సహజము. పెంచవచ్చును, కాని కుండీలోని వట్టివేరు కరవు నోర్చు మొక్క కాదని తెలియవలెను. అడుగు లోతు కుండీలో వేరు అడుగు మాత్రమే దిగును. తరువాత అడుగున చుట్టలు చుట్టుకొనును. ఎండకు కుండీ గోడలు కాగి, వేసవిలో ఒకటి రెండు రోజులకే మట్టి ఎండును. అదే గడ్డి, అదే ఆకు. లోతు లేకపోవుటచేత ఓర్పు పోయినది. కావున కుండీకి బదులు, 200 లీటర్ల పీపా వంటి లోతైన పాత్రను, అడుగున రంధ్రములు చేసి వాడుట మేలు. అప్పటికిని వేసవిలో వారమునకు రెండు మూడు సార్లు నీరు తప్పదు. తడిమట్టి నిండిన పీపా మిక్కిలి బరువు. కావున డాబా దూలము పైననో, గోడ పైననో బరువు పడునట్లు ఉంచవలెను.

కోత, విభజన

సంవత్సరమునకు ఒకసారి, మే నెల చివర, వానలకు ముందు, దుబ్బును అడుగు ఎత్తున కోయవలెను. ఆకు అంచు గీరుకొనును గనుక చేతికి తొడుగు వేసికొనవలెను. కోసిన దుబ్బు వానలకు క్రొత్త పిలకలతో దట్టముగా లేచును. కోయనిచో ఎండుటాకు లోపల చేరి, దుబ్బు చూచుటకు వికారముగా ఉండును. వేసవిలో నిప్పు సోకు ప్రమాదమును కలదు. కోసిన ఆకును మొదటనే పరచవచ్చును.

మూడు నాలుగేండ్లకు దుబ్బు నడుమ భాగము ముసలిదై పలుచబడును. అప్పుడు వానకాలమున దానిని త్రవ్వి, అంచున ఉన్న లేతపిలకలను వేరుచేసి తిరిగి నాటవలెను. త్రవ్వినప్పుడు దొరకు వేళ్ళను కడిగి, నీడన ఆరబెట్టి, కూజాలో వేసికొనవచ్చును. కాని వాలు మీద మట్టిని నిలుపుటకు నాటిన వరుసను వేళ్ళ కొరకు త్రవ్వరాదు. వేరును తీసినచో, ఏ మట్టిని కాపాడుటకు నాటితిమో ఆ మట్టియే మొదటి వానకు కొట్టుకొనిపోవును.

గడ్డి ఒక్కటే నగరపు నీటి కొరతను తీర్చలేదు. కాని ప్రతి ఇంటియందును వేసవిలో వందలకొలది లీటర్లు త్రాగు పచ్చికకు బదులు, లోతునుండి తన నీరు తాను వెదకికొను దుబ్బులను పెంచినచో, ఆ మేరకు బోరుబావికి విశ్రాంతి లభించును. అందులకు మనము చేయవలసినది, మే నెలలోనే లోతైన గుంట తీసి ఉంచుకొని, జూలైలో పిలక నాటి, మొదటి ఏడాది శ్రద్ధతో తడుపుట. తరువాతి పని వేరు చూచుకొనును.